చెన్నై తీరంలో డాల్ఫిన్లు, తిమింగలాలు: ఒడ్డు నుంచి చూడడం, సరిగ్గా నమోదు చేయడం

డాల్ఫిన్‌ను చూడాలంటే పడవ ఎక్కాల్సిందే అనుకునేవాళ్లు చెన్నైలో చాలామంది. నిజానికి ఇక్కడ ఒడ్డే మంచి చోటు. ఎన్నూరు నుంచి కోవళం దాకా తీరం దాదాపు తిన్నగా సాగుతుంది. ఎదురుగా దీవులేమీ లేవు, కంటికి అడ్డు లేదు. నది మొగల దగ్గర చేపలు పోగైనప్పుడు వీపు మీద మూపు ఉండే హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు అలలు విరిగే చోటికి కాస్త అవతలి దాకా వస్తాయి. ఇసుక మీద నిలబడ్డ మనిషి వల్ల వాటికి ఏ ఇబ్బందీ ఉండదు. చేపల వేటకు రిజిస్టరైన ఫైబర్ బోటును బేరమాడి వాటి వెంట పడితే మాత్రం ఆ జంతువుకూ ప్రమాదమే, మనకూ ప్రమాదమే. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఒడ్డు గురించే. పని చూడడంతో ముగియదు, రాసి పంపితేనే పూర్తవుతుంది. ఏమీ కనబడని రోజు కూడా రాయాలి. ఎందుకో ముందు ముందు చెబుతాం.

ఎప్పుడు, ఎక్కడ

గాలే అన్నిటికన్నా ముఖ్యం. సముద్రం మీద తెల్ల నురగలు అక్కడక్కడ లేచాయంటే గాలి బలాన్ని 0 నుంచి 12 దాకా చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 3కి చేరినట్టు. అప్పటికే వీపు రెక్కను అలల మధ్య గుర్తుపట్టడం కష్టం. 0 నుంచి 2 వరకు ఉన్న రోజులనే ఎంచుకోండి. 4 దాటితే ఇంటికి వెళ్లిపోవడం మంచిది, ఆ రోజు మీరు చూసినదాన్ని మీరే నమ్మలేరు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, సముద్రం రేగి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొద్దున్నే నీళ్లు ప్రశాంతంగా ఉండే రోజులు ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచి, అంటే నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్లు ఉదయం పూట నున్నగా ఉంటాయి. మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి తిరిగి అలల్ని లేపుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంజిన్ల రొద తగ్గుతుంది. ఆ రోజుల్లో తీసిన లెక్కలు మిగతా రోజులతో పోల్చడానికి పనికొస్తాయి.

తూర్పు తీరం కాబట్టి చెన్నైలో ఒక చిక్కుంది. నీళ్లు నిమ్మళంగా ఉండే ఉదయం వేళ సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు. వెలుతురు వెనక నుంచి వచ్చే సాయంత్రానికేమో అలలు లేస్తాయి. దీనికి సర్దుబాటు ఇలా: డిసెంబరు, జనవరిలో సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి లేస్తాడు, కాబట్టి ఎడమకు, ఈశాన్యం వైపు వెతకండి. మే, జూన్‌లో ఈశాన్యం వైపు లేస్తాడు, కాబట్టి కుడికి, ఆగ్నేయం వైపు తిరగండి. పోలరాయిడ్ కళ్లద్దాలు నీటి మీది మెరుపును చాలావరకు తగ్గిస్తాయి. పలచటి మబ్బు పట్టిన ఉదయం దొరికితే దాన్ని వదులుకోవద్దు.

చోటు ఎంత ఎత్తైతే అంత దూరం కనిపిస్తుంది. కన్ను నీటిమట్టానికి 2 మీటర్ల ఎత్తున ఉంటే దిగంతం సుమారు 5 కి.మీ. దూరం. 10 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 11 కి.మీ. అందుకే బెసంట్ నగర్, తిరువాన్మియూరు, నీలాంకరైల్లో సముద్రం వైపు మేడ ఉన్న స్నేహితులు ఈ పనికి గొప్ప అండ. మెరీనా లైట్‌హౌస్ పైనా, మహాబలిపురంలో కొండ మీది లైట్‌హౌస్ పైనా సందర్శకుల్ని అనుమతిస్తారు. నేల మీద నుంచైతే అడయారు మొగ, ఎన్నూరు మొగ, ఉత్తరాన పులికాట్ మొగ మంచివి. హార్బర్, నౌకాదళ ప్రాంతాల వైపు లెన్స్ తిప్పొద్దు. కాశిమేడు దగ్గర పాచి పట్టిన రాళ్ల కట్ట మీదికి ఎక్కొద్దు.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. 8×42 గానీ 7×50 గానీ బైనాక్యులర్స్ చాలు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది). 10 రెట్లు దాటితే చెయ్యి వణుకు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది, అప్పుడు స్టాండు కావాలి. ఒక నోటుపుస్తకం, పెన్సిల్ (ఉప్పుగాలికి పెన్ను మొరాయిస్తుంది), 15 సెం.మీ. స్కేలు, టోపీ, నీళ్లు. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది. చెన్నైలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా 2 డిగ్రీల లోపే కాబట్టి సవరణ అక్కర్లేదు. ఇనుప కమ్మీకో, కారుకో ఆనించి మాత్రం దిక్కు చూడొద్దు, తప్పు చూపిస్తుంది. డ్రోను తీసుకెళ్లొద్దు. విమానాశ్రయం, రేవు, రక్షణ ప్రాంతాల వల్ల ఈ తీరంలో చాలాచోట్ల ఎగరేయడానికి అనుమతి ఉండదు. పైగా తక్కువ ఎత్తున ఎగిరే డ్రోను డాల్ఫిన్లను బెదరగొడుతుంది.

సముద్రాన్ని వెతికే పద్ధతి

చేరగానే బైనాక్యులర్స్ ఎత్తొద్దు. మొదటి ఐదు నిమిషాలు ఉత్త కళ్లతో మొత్తం చూడండి. పక్షులు ఎక్కడ ముక్కు కిందికి పెట్టి దూకుతున్నాయి, నీటి రంగు ఎక్కడ మారింది, వలల తేలాడే బిళ్లలు ఎక్కడున్నాయి, పడవలు ఎటు పోతున్నాయి? టర్న్ పక్షులు గుంపుగా ఒకేచోట దూకుతుంటే కింద చేపల మంద ఉన్నట్టే. డాల్ఫిన్లు కూడా అక్కడికి రావచ్చు.

తర్వాత సముద్రాన్ని మూడు పట్టీలుగా అనుకోండి: అలలు విరిగే చోటి నుంచి మొదటి అర కిలోమీటరు, ఆ తర్వాత మధ్య భాగం, చివర దిగంతం. ఒక్కో పట్టీని ఎడమ నుంచి కుడికి, బైనాక్యులర్స్‌లో కనిపించే ఒక్కో ముక్క దగ్గర పది సెకన్లు ఆగుతూ చూడండి. త్వరత్వరగా తిప్పేస్తే దొరకవు. డాల్ఫిన్ ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు నీటి అడుగునే ఉంటుంది, తిమింగలమైతే పది నిమిషాలు దాటొచ్చు. మీరు చూసిన క్షణంలో అది కింద ఉంటే ఆ ముక్కంతా ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే ఒక కాపలాకు కనీసం గంట కేటాయించండి. ప్రతి ఇరవై నిమిషాలకు కళ్లకు రెండు నిమిషాల విశ్రాంతి ఇవ్వండి.

ఏదైనా కనబడితే దాని మీది నుంచి చూపు తీయకుండా పక్కవాళ్లకు చెప్పండి. నేరుగా ఎదురుగా ఉన్న దిగంతాన్ని గడియారంలో 12 అనుకుంటే, 'ఒంటిగంట వైపు, నీలం బోటుకు ఇవతల' అంటే చాలు.

మోసం చేసేవి చాలానే ఉన్నాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. తాబేలు తల ఒంటరిగా, చిన్నగా పైకి వచ్చి కొద్ది క్షణాలు నిలిచి మునుగుతుంది. డాల్ఫిన్ వీపు అలా నిలవదు, ముందుకు దొర్లినట్టు వెళ్తుంది. థర్మోకోల్ బిళ్ల ప్రతి అలకూ ఒకేచోట లేచి పడుతుంది. చేప ఎగిరితే తళుక్కుమని పక్కకు పడుతుంది, ఊపిరి చప్పుడు రాదు. అనుమానం ఉంటే రెండోసారి పైకి వచ్చేదాకా ఆగండి. రాకపోతే నోటుపుస్తకంలో 'అనుమానం' అనే రాయండి. అనుమానమని రాసిన నమోదు ఎప్పటికైనా పనికొస్తుంది. ధీమాగా రాసిన తప్పు పదేళ్ల లెక్కను పాడుచేస్తుంది.

దూరం కొలవడం

'దగ్గర్లోనే', 'చాలా దూరం' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. చేతిలో స్కేలు ఉంటే దూరం తేలిగ్గా తేలుతుంది. చెయ్యి పూర్తిగా చాచి స్కేలును నిలువుగా పట్టుకోండి. సున్నా గీత దిగంతం మీద ఉండాలి. జంతువు ఎన్ని మిల్లీమీటర్ల కింద ఉందో చూడండి. కన్ను నీటిమట్టం కన్నా ఎంత ఎత్తున ఉందో మీటర్లలో తీసుకుని, దాన్ని చెయ్యి పొడవుతో (కంటి నుంచి స్కేలు దాకా, మిల్లీమీటర్లలో) గుణించి, స్కేలు మీది మిల్లీమీటర్లతో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది.

మేడ మీద కన్ను 10 మీటర్ల ఎత్తు, చెయ్యి పొడవు 600 మి.మీ., జంతువు దిగంతానికి 12 మి.మీ. కింద అనుకుందాం. 10ని 600తో గుణించి 12తో భాగిస్తే 500 మీటర్లు. భూమి వంపు వల్ల అసలు దూరం అంతకన్నా కొంచెం తక్కువ, సుమారు 460. అదే జంతువు 6 మి.మీ. కింద ఉంటే లెక్క 1,000 అంటుంది, అసలు దూరం 850 దగ్గర. దూరం పెరిగేకొద్దీ ఈ పొరపాటు పెరుగుతుంది కాబట్టి కిలోమీటరు దాటితే 'ఒక కి.మీ. పైన' అని రాయడమే నిజాయితీ. ఇసుక మీద నిలబడితే కన్ను ఎత్తు మూడు నాలుగు మీటర్లే. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా లెక్క వంద మీటర్లు అటూఇటూ అవుతుంది. అప్పుడు ఫైబర్ బోటుతో పోల్చండి. అది సుమారు 30 అడుగులు ఉంటుంది. పెద్ద డాల్ఫిన్ దానిలో నాలుగోవంతు, మూడోవంతు మధ్య.

ఏ జాతి?

ఒడ్డు నుంచి కనిపించేవి ప్రధానంగా రెండు. హంప్‌బ్యాక్ డాల్ఫిన్‌కు వీపు మధ్యలో మూపు ఉంటుంది, దాని మీద చిన్న రెక్క. పైకి వచ్చేటప్పుడు పొడవాటి మూతి ముందుగా నీటి బయటికి వస్తుంది. లోతు తక్కువ నీళ్లలో, చిన్న గుంపులుగా తిరుగుతుంది. ఇండో పసిఫిక్ బాటిల్‌నోజ్ డాల్ఫిన్‌కు మూపు ఉండదు. రెక్క పొడుగ్గా, వెనక్కి వంగిన కొడవలి ఆకారంలో ఉంటుంది. వీపు రెక్క అడుగు భాగం ఫొటోలో స్పష్టంగా పడితే ఈ రెండిటినీ విడదీయడం కష్టం కాదు.

స్పిన్నర్ డాల్ఫిన్లు పెద్ద గుంపులుగా లోతైన నీళ్లలో ఉంటాయి. గాల్లోకి లేచి ఒంటి చుట్టూ గిర్రున తిరుగుతాయి. వేటకు దూరం వెళ్లే జాలర్లు వీటిని బాగా ఎరుగుదురు. ఫిన్‌లెస్ పార్పాయిస్ అనే, డాల్ఫిన్‌ను పోలిన చిన్న జంతువుకు వీపు రెక్కే లేదు, ఎగరదు, చడీచప్పుడూ చేయదు. నున్నటి చిన్న వీపు ఒకసారి దొర్లి మాయమవుతుంది. ఇది కనబడలేదని రాయడానికి ముందు సముద్రం అద్దంలా ఉందో లేదో చూసుకోండి.

తిమింగలాలు ఒడ్డు నుంచి అరుదు. నీటి మీద నిలువుగా లేచే ఊపిరి తుంపర కనిపిస్తే దాని ఎత్తు, వాలు గమనించండి. నీలి తిమింగలం తుంపర 9 మీటర్ల దాకా లేస్తుంది. స్పెర్మ్ తిమింగలం తుంపర ముందుకు, ఎడమకు వాలుతుంది. బ్రైడ్స్ తిమింగలం తల మీద పొడవునా మూడు గట్లుంటాయి. ఇక వేల్ షార్క్ తిమింగలం కాదు, చేప. దాని తోక నిలువుగా ఉంటుంది, ఒంటి మీద తెల్ల చుక్కలుంటాయి. తిమింగలాల తోక అడ్డంగా ఉంటుంది. అయినా వేల్ షార్క్ కూడా 2001 నుంచి చట్టరక్షణలో ఉన్న జీవే. అది కనబడినా రాయండి.

ఇప్పటికే సముద్రం మీద ఉన్నవాళ్లకు

తెరచాప పడవలు, స్కూబా బోట్లు, కోవళంలో సర్ఫింగ్ చేసేవాళ్లు, జాలర్లు: వీళ్లకు డాల్ఫిన్లు ఎదురుపడడం మామూలే. ప్రపంచంలో చాలాచోట్ల పాటించే కట్టుబాటు ఇది: డాల్ఫిన్‌కు 50 మీటర్లు, తిమింగలానికి 100 మీటర్ల కన్నా దగ్గరికి మీరుగా వెళ్లొద్దు. డాల్ఫిన్‌కు 150, తిమింగలానికి 300 మీటర్ల దూరంలోనే వేగం తగ్గించాలి, పడవ వెనక అల లేవకూడదు. ఆ పరిధిలో ఒకేసారి మూడు పడవలకు మించకూడదు. ఎదురుగానో, సరిగ్గా వెనక నుంచో పోవద్దు. పక్క నుంచి, అది పోయే దారికి సమాంతరంగా సాగండి.

అవే మీ దగ్గరికి వస్తే వేగమూ దిశా మార్చకండి. పడవ ముక్కు దగ్గర ఈదుతున్నప్పుడు ఒక్కసారిగా తిప్పితే ప్రొపెల్లర్ తగులుతుంది. తిమింగలం దగ్గరగా పైకి వస్తే గేరు న్యూట్రల్‌లో పెట్టి ఆగండి. తోకతో నీటిని పదే పదే కొట్టడం, గుంపు దగ్గరగా ముడుచుకోవడం, పిల్లను మధ్యలోకి తోసుకోవడం, మాటిమాటికీ దారి మార్చడం కనిపించాయంటే అవి మీ వల్ల ఇబ్బంది పడుతున్నాయి. వెంటనే దూరం జరగండి. ఏమీ తినిపించొద్దు, నీళ్లలోకి దూకొద్దు.

నమోదు

ఇందులో మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఒకచోట: కనబడినప్పుడే రాస్తారు. కాపలా ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది లేకపోతే 'ఈ నెలలో మూడుసార్లు కనబడ్డాయి' అన్న మాటకు అర్థం లేదు. మూడు గంటల్లో మూడుసార్లా, ముప్పై గంటల్లో మూడుసార్లా? వచ్చే ఏడు సంఖ్య తగ్గితే డాల్ఫిన్లు తగ్గాయా, చూసేవాళ్లు తగ్గారా? ఏమీ కనబడని గంటలు రాసి ఉంటేనే దీనికి జవాబు దొరుకుతుంది.

ఒక నమోదు ఉదాహరణకు ఇలా ఉండాలి:

ఫిబ్రవరి 8. కాపలా 06:40 నుంచి 08:10. అడయారు మొగ, ఉత్తరపు ఒడ్డు, 13.0130, 80.2770. కన్ను ఎత్తు 3 మీ. బ్యూఫోర్ట్ 1, పలచటి మబ్బు. 07:22కి కనబడ్డాయి, దిక్కు 110 డిగ్రీలు, దూరం సుమారు 300 మీ. హంప్‌బ్యాక్ డాల్ఫిన్, ఖాయం (మూపు ఫొటోలో ఉంది). కనిష్ఠం 4, గరిష్ఠం 7, మా అంచనా 5, అందులో పిల్ల 1. ఉత్తరం వైపు నెమ్మదిగా పోయాయి. 200 మీ. లోపు వల వేసిన ఫైబర్ బోట్లు 2. 07:41 తర్వాత కనబడలేదు.

జీపీఎస్ అంకెల్లో దశాంశం తర్వాత నాలుగు స్థానాలు ఉంటే సుమారు 11 మీటర్ల కచ్చితత్వం వస్తుంది. ఫోన్ చూపించేది మీరు నిలబడిన చోటు, జంతువు ఉన్న చోటు కాదు. అందుకే దిక్కూ దూరమూ విడిగా రాయాలి. ఫొటోలు కత్తిరించకుండా దాచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, సమయం, చోటు వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

దేశమంతటి సముద్ర క్షీరదాల నమోదులను మెరైన్ మమ్మల్ రిసెర్చ్ అండ్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా తన వెబ్‌సైటులో పోగుచేస్తోంది. బతికున్నవి కనబడినా, ఒడ్డుకు కొట్టుకొచ్చినా అక్కడ నింపవచ్చు. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్‌లో కూడా పెట్టండి, జాతిని సరిచూసేవాళ్లు దొరుకుతారు. సోషల్ మీడియాలో చోటు పేరుతో వెంటనే పెట్టొద్దు. సాయంత్రానికి అక్కడ జనం, బోట్లు చేరతాయి.

జాలర్లను అడగడం మరవొద్దు. తమిళంలో డాల్ఫిన్‌ను 'ఓంగిల్' అంటారు. 'ఓంగిల్ పాత్తీంగళా?' (డాల్ఫిన్‌ను చూశారా?) అంటే వివరంగా చెబుతారు. కాశిమేడు, రాయపురం, పులికాట్ వైపు తెలుగు వచ్చినవాళ్లూ దొరుకుతారు. వలలో డాల్ఫిన్ పడిందని చెప్పడానికి వాళ్లకు కేసు భయం ఉంటుంది. ఆ భయాన్ని అర్థం చేసుకోండి. మొహాలు, బోటు నంబర్లు ఫొటోలో పడనివ్వొద్దు, పేరు రాయొద్దు. ఆ మర్యాద పోతే ఆ రేవులో మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

ఒడ్డుకు కొట్టుకొస్తే

బతికుందా? ముందు అదొక్కటి తేల్చండి. దూరం నుంచి తల మీది ఊపిరి రంధ్రం చూస్తూ ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. ఈలోగా ఒకరు ఫోన్ చేయాలి. మొదట అటవీ శాఖకు. గిండీలోని వన్యప్రాణి సంరక్షణాధికారి కార్యాలయం నంబరు, మీ తీరం ఏ అటవీ డివిజన్‌లోకి వస్తే ఆ నంబరు ముందే ఫోన్‌లో ఉంచుకోండి. తమిళనాడు తీర భద్రతా దళం నంబరు 1093. సముద్రంలో ఉన్న బోటుకూ మనుషులకూ ప్రమాదమైతే కోస్ట్ గార్డ్ 1554. అవతలివాళ్లు తమిళమే మాట్లాడితే ఇంతమాత్రం చాలు: 'ఓంగిల్ కరై ఒదుంగి ఇరుక్కు. ఉయిరోడ ఇరుక్కు' (డాల్ఫిన్ ఒడ్డుకు కొట్టుకొచ్చింది, బతికే ఉంది). చనిపోయి ఉంటే 'సెత్తుపోచ్చు.' ఆ తర్వాత చోటు, పొడవు, నిమిషానికి ఎన్ని ఊపిర్లు.

సముద్రంలోకి తోసేయాలని అందరికీ అనిపిస్తుంది. తోయొద్దు. ఒంటరిగా ఒడ్డు చేరిన డాల్ఫిన్ చాలాసార్లు జబ్బుతోనో, వల గాయంతోనో, తల్లికి దూరమయ్యో వచ్చి ఉంటుంది. చెన్నైలో ఒడ్డునే గట్టిగా విరిగే అలల్లోకి దాన్ని తోస్తే ఊపిరి రంధ్రంలోకి నీళ్లు పోతాయి. కాసేపటికి ఇంకోచోట, ఇంకా నీరసంగా ఒడ్డు చేరుతుంది. 2016 జనవరిలో తూత్తుకుడి జిల్లా తీరానికి 80కి పైగా పైలట్ తిమింగలాలు వచ్చినప్పుడు, సముద్రంలోకి పంపినవాటిలో కొన్ని మళ్లీ ఒడ్డుకే వచ్చాయి. ఈ తీరంలో అలల కింది లాగుడు మనుషులనూ మింగుతుంది. నడుం లోతు నీళ్లలోకి ఎవరూ దిగొద్దు.

అధికారులు వచ్చేలోగా చేయగలిగింది నీడ, తడి, నిశ్శబ్దం. గొడుగులో దుప్పటో పట్టి నీడ చేయండి. పలచటి, లేతరంగు నూలు దుప్పటి సముద్రపు నీటిలో తడిపి ఊపిరి రంధ్రానికి వెనక నుంచి ఒంటి మీద పరచండి. రంధ్రం మీదికి గుడ్డ, నీరు, ఇసుక ఏదీ రాకూడదు. ఊపిరి తీసుకున్నాక రంధ్రం మూసుకుంటుంది. నీళ్లు పోయడానికి అదే అదను. వీపు రెక్క, పక్క రెక్కలు, తోక రెక్కల నుంచే ఒంటి వేడి బయటికి పోతుంది, అందుకే వాటిని కప్పకుండా నీళ్లు పోస్తూ ఉండండి. పొట్ట మీద బోర్లా ఉంటే పక్క రెక్కల కింద ఇసుక తవ్వి గుంట చేసి నీళ్లు నింపండి, రెక్క నలగదు. పక్కకు ఒరిగి ఉంటే మీరుగా దొర్లించొద్దు, అధికారి ఫోన్‌లో చెప్పినట్టు చేయండి. తోక పట్టుకుని, రెక్క పట్టుకుని లాగకూడదు, వెన్ను విరుగుతుంది, కీలు ఊడుతుంది. ఐసు పెట్టొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. తోక వైపు నిలబడొద్దు. మొహం దాని ఊపిరికి ఎదురుగా పెట్టొద్దు, వాటి నుంచి మనకు సోకే జబ్బులున్నాయి. జనాన్ని, కుక్కల్ని కనీసం 30 మీటర్ల అవతల ఆపండి. ఈ పనికి ఇద్దరిని పూర్తిగా కేటాయించాలి, లేకపోతే సెల్ఫీల గుంపు మీ పనంతా చెడగొడుతుంది.

చనిపోయి ఉంటే ముట్టుకోవద్దు. ఉబ్బిన పెద్ద తిమింగలం లోపలి వాయువుతో పగలొచ్చు, దాన్ని కోయడం, ఎక్కడం అసలు చేయొద్దు. ఎంత కుళ్లిందో ఈ అంకెలతో రాస్తారు: 1 బతికున్నది, 2 అప్పుడే చనిపోయినది, 3 కొంత కుళ్లినది, 4 బాగా కుళ్లినది, 5 ఎండిన తోలో ఎముకలో. పొడవును ఒంటి వంపు మీదుగా కాకుండా నేల మీద తిన్నగా, పై దవడ కొస నుంచి తోక రెక్కల మధ్య గాడి దాకా కొలవాలి. ఫొటోలు: మొత్తం ఒకవైపు నుంచి, తల, పళ్లు, వీపు రెక్క, తోక, పొట్ట అడుగు (ఆడా మగా తేలేది అక్కడే), వల తాడు కోసిన గీతలు, ప్రొపెల్లర్ గాట్లు. ప్రతిదానిలో స్కేలు కనబడాలి.

డాల్ఫిన్లు, తిమింగలాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పన్ను, ఎముక, అంబర్‌గ్రిస్ (స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే మైనం లాంటి పదార్థం) ఏది ఇంటికి తెచ్చుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష పడే నేరం. ఇసుకలో దొరికినా సరే, ఫొటో తీసి అక్కడే వదిలి అటవీ శాఖకు చెప్పండి. పాతిపెట్టే ముందు పశువైద్యులు పరీక్ష చేస్తారేమో, నమూనాలు తీస్తారేమో అధికారిని అడిగి, ఆయన చెప్పినదాన్ని తేదీతో సహా మీ నమోదులో చేర్చి పంపండి.